లక్ష కిలోమీటర్లు దాటిన బండి కింద చప్పుళ్లు: సస్పెన్షన్ పనులపై తరచుగా అడిగే ప్రశ్నలు

స్విఫ్ట్, డిజైర్, బాలెనో, ఐ10 లాంటి బళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన సమాధానాలివి. వీటన్నింటికీ ముందు వైపు మెక్‌ఫెర్సన్ స్ట్రట్ (షాకరు, అంటే షాక్ అబ్సార్బరు, స్ప్రింగుతో కలిసి ఒకే నిలువు స్తంభంగా ఉండేది), వెనక టార్షన్ బీమ్ యాక్సిల్ (వెనక చక్రాలు రెండింటినీ కలిపే అడ్డ దూలం) ఉంటాయి. బిగింపు కొలతలు మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి టార్క్ అంకెలు మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి.

లక్షా ఇరవై వేలు తిరిగింది. గుంతల్లో చప్పుడు వస్తోంది. నాలుగు షాకర్లూ మార్చేస్తే పోతుందా?

చాలా బళ్లలో పోదు. షాకర్లకు డబ్బంతా పెట్టి, చప్పుడు అలాగే మిగుల్చుకుని ఇంటికొచ్చేవాళ్లే ఎక్కువ. షాకరు పని స్ప్రింగు ఊగుడు ఆపడం. అది చచ్చిపోతే బండి ఊగుతుంది, స్పీడ్ బ్రేకర్ దాటాక రెండు మూడు సార్లు గెంతుతుంది, హైవే మీద వెనక భాగం తేలినట్టుంటుంది. చప్పుడు పుట్టేది మాత్రం ప్లే (వదులు కదలిక) వచ్చిన చోట. అంటే లింక్ రాడ్ (స్టెబిలైజర్ బార్ కొసను స్ట్రట్‌కు కలిపే చిన్న కడ్డీ) బాల్, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే చెయ్యి) బుష్, అంటే దాని కీలు దగ్గరి రబ్బరు, స్ట్రట్ మౌంట్ (స్ట్రట్ పై కొసను బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ), బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్ చక్రం వైపు కీలు), స్టెబిలైజర్ బార్‌ను (మలుపులో బండి వాలకుండా ఆపే అడ్డ కడ్డీ) పట్టి ఉంచే రబ్బర్లు. రబ్బరు ఎండి చిరిగాక ఇనుము ఇనుముకు తగులుతుంది.

షాకరు నుంచి కూడా చప్పుడు రావచ్చు. లోపలి వాల్వు పోయినా, రాడ్ గైడు అరిగినా, బంప్ స్టాప్ (షాకరు పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు దెబ్బ ఆపే దిమ్మ) పొడిపొడిగా రాలిపోయినా వస్తుంది. కానీ వెతుకులాట మొదలుపెట్టాల్సింది అక్కడ కాదు.

ఏ చప్పుడు ఎక్కడిది?

చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మీద, 20 వేగంలో, వదులుగా ఉన్న పెట్టెలో స్పానర్లు కదిలినట్టు టకటక అంటుంటే ముందుగా లింక్ రాడ్లు చూడండి. ఎడమ చక్రం, కుడి చక్రం ఒకదాని తర్వాత ఒకటి గుంతలో పడ్డప్పుడు చప్పుడు ఎక్కువై, రెండూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే తగ్గిందంటే అనుమానం దాదాపు ఖాయం. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు స్టెబిలైజర్ బార్‌కు పని ఉండదు. అందుకే లింక్ రాడ్ నోరు మూసుకుంటుంది.

బ్రేకు తొక్కినప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి ‘దడ్’ అంటే, లేదా రివర్స్ నుంచి ఫస్ట్ గేరుకు వచ్చి కదిలేటప్పుడు అదే వినిపిస్తే లోయర్ ఆర్మ్ వెనక బుష్ చిరిగినట్టు. ఈ బుష్ పోయిన బండి బ్రేకు వేసినప్పుడు కాస్త ఒక పక్కకు లాగుతుంది, స్టీరింగ్ చేతిలో చిన్నగా తిరిగినట్టుంటుంది.

ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పుతుంటే ‘టంగ్’ మని స్ప్రింగు గెంతినట్టు వస్తే స్ట్రట్ పై కొసలోని బేరింగు పట్టేసిందని అర్థం. బానెట్ ఎత్తి, ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు చక్రం వెనక నుంచి స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించి ఉంచాలి (వేళ్లు చుట్ల మధ్యకు పోనివ్వకండి). బేరింగు బాగుంటే స్ప్రింగు చక్రంతో పాటు నున్నగా తిరుగుతుంది. పట్టేసి ఉంటే మెలి తిరుగుతూ, తిరుగుతూ, ఒక్కసారిగా విడిపోయి చేతికి కుదుపు తెలుస్తుంది. టవర్ (బానెట్ కింద స్ట్రట్ పై కొస బిగించే చోటు) మీద మౌంట్ పైకి ఉబ్బినట్టు కనిపిస్తే రబ్బరు ఊడిపోయిందన్నమాట.

మలుపులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కటకట వినిపిస్తే అది సస్పెన్షన్ కాదు, డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీ) బయటి జాయింటు. వేగంతో పాటు పెరిగే గుయ్యిమనే మోత వీల్ బేరింగుది, లేదా గుట్టలు గుట్టలుగా అరిగిన టైరుది. ఈ రెండూ కలగలిసి చాలామందిని తప్పుదారి పట్టిస్తాయి. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడండి. మోత చోటు మారితే అది టైరే.

షెడ్డుకు వెళ్లకముందు ఇంటి దగ్గరే చూసుకోగలిగేవి ఏమిటి?

చదునైన నేల, జాకీ, దాని పక్కన తప్పనిసరిగా జాక్ స్టాండ్, వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్లు. బండిని జాకీ మీదే వదిలేసి కిందికి దూరడం ఎవరూ చేయకూడని పని.

ముందు చక్రం గాలిలో వేలాడుతుండగా పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే అది వీల్ బేరింగుదో బాల్ జాయింటుదో తేల్చడానికి ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. బ్రేకు తొక్కగానే కదలిక పోతే బేరింగు, తొక్కినా అలాగే ఉంటే బాల్ జాయింటు. తర్వాత ఎడమా కుడీ పట్టుకుని ఊపండి. ఈసారి తెలిసే ప్లే టై రాడ్ ఎండ్‌ది (స్టీరింగ్ కడ్డీ చక్రాన్ని పట్టుకునే కొస) గానీ, రాక్ (స్టీరింగ్ తిప్పుడును పక్కలకు కదిలించే పెట్టె) లోపలి జాయింటుది గానీ. రాక్ రబ్బరు బూటును బయటినుంచి పిసికి పట్టుకుని ఊపితే లోపలిది చేతికి తగులుతుంది.

లోయర్ ఆర్మ్ బుష్‌లకు ఒక పొడుగాటి లివరు కావాలి. ఆర్మ్‌కూ సబ్‌ఫ్రేమ్‌కూ (ఆర్మ్‌లు బిగించే బండి కింది ఇనుప చట్రం) మధ్య పెట్టి మెల్లగా తోయాలి. మంచి బుష్ 2, 3 మిల్లీమీటర్లు కదిలి వెనక్కొస్తుంది. చిరిగినది పుస్తకం తెరిచినట్టు నోరు తెరుస్తుంది. పైపైన సన్నటి పగుళ్లుంటే కంగారు పడక్కర్లేదు. లోపలి గొట్టం చుట్టూ రబ్బరు విడిపోతేనే మార్చాలి. కొన్ని బళ్లలో బుష్ లోపల ద్రవం ఉంటుంది. అక్కడ నల్లటి తడి కనిపిస్తే, రబ్బరు చూడ్డానికి బాగున్నా దాని పని అయిపోయినట్టే.

స్టీరింగ్ జాయింట్లను మాత్రం చక్రాలు నేల మీద ఉండగా ఇంకోసారి చూడాలి. ఒకరు స్టీరింగ్‌ను రెండు వేళ్లంత అటూ ఇటూ కదుపుతుంటే టై రాడ్ ఎండ్ మీద చెయ్యి పెట్టండి. బరువు మీద ఉన్నప్పుడే బయటపడే ప్లే కొంత ఉంటుంది.

బండిని ఒక మూల నొక్కి వదిలితే షాకరు సంగతి తెలుస్తుందంటారు. నిజమా?

పూర్తిగా చచ్చిన షాకరు మాత్రమే ఆ పరీక్షలో దొరుకుతుంది. సగం పని చేసేది పాసైపోతుంది. అంతకంటే నమ్మకమైన గుర్తులు రెండు. మొదటిది నూనె. షాకరు పై భాగంలో పల్చటి దుమ్ము పట్టిన తడి ఉంటే పర్వాలేదు, అది రాడ్ సీలు దగ్గర సహజం. ఒళ్లంతా తడిసి కింది దాకా చారలు దిగితే సీలు పోయింది. రెండోది టైరు. అరచెయ్యి టైరు చుట్టూ నిమిరితే ఎత్తుపల్లాలుగా గిన్నెలు తీసినట్టు తగిలితే, ఆ చక్రం రోడ్డు మీద గెంతుతూ పోతోందని లెక్క.

షాకర్లు ఇన్ని కిలోమీటర్లకే పోతాయని గీత గీయలేం. మన స్పీడ్ బ్రేకర్ల మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, 25 వేగంతో హాయిగా దాటేలా. కాలనీల్లో సిమెంటుతో పోసిన అర మీటరు వెడల్పు గట్లకు ఆ లెక్కతో సంబంధం లేదు. రోజూ అలాంటివి పది దాటే బండి షాకర్లకూ, హైవే మీదే తిరిగే బండి షాకర్లకూ పోలిక పెట్టకండి.

అన్నీ ఒకేసారి మార్చేంత డబ్బు లేదు. ముందు ఏది?

బాల్ జాయింటు, టై రాడ్ ఎండ్. వీటిలో ప్లే ఉంటే మిగతా బేరాలన్నీ పక్కన పెట్టండి. బాల్ జాయింటు సాకెట్ నుంచి ఊడితే చక్రం అడ్డంగా పడిపోతుంది. టై రాడ్ ఊడితే ఆ చక్రం మీద స్టీరింగ్‌కు అదుపే ఉండదు. చప్పుడు వస్తున్నా తోలుకోవచ్చు గానీ, ఈ రెండింటితో తోలకూడదు.

ఆ తర్వాత లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఎందుకంటే అవి టైర్లను తినేస్తాయి. మూడోది స్ట్రట్లు, మౌంట్లతో కలిపి. లింక్ రాడ్లు అన్నిటికంటే చవక, అరగంట పని. ప్రమాదం తక్కువే అయినా చెవికి ఎక్కువ విసుగు పుట్టించేవి అవే కాబట్టి, చాలామంది ముందు వాటినే మారుస్తారు. మార్చుకోండి, తప్పేం లేదు. చప్పుడు పోయిందని బాల్ జాయింటు చూడటం మానకండి.

లోయర్ ఆర్మ్ మొత్తం మార్చాలా, బుష్‌లు మాత్రం కొట్టించుకోవాలా?

ఆర్మ్ వంగకుండా, తుప్పు తినకుండా ఉండి, బాల్ జాయింటు బిగుతుగా ఉంటే బుష్‌లు మాత్రమే మార్పించడం డబ్బుకు మేలు. విజయవాడ ఆటోనగర్‌లోనో, మరే ఊరి ఆటోనగర్‌లోనో హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న షాపుకు ఆర్మ్‌లు తీసుకెళ్తే చాలు. సుత్తితో కొట్టి దించే షాపుకు వద్దు. బుష్ బయటి గొట్టం ఓవల్ అయిపోయి, కొన్ని నెలల్లోనే ఆర్మ్‌లో తిరగడం మొదలుపెడుతుంది. పాత బుష్ తీయకముందే దాని దిక్కు గుర్తు పెట్టించండి. చాలా బుష్‌లలో రబ్బరు మధ్య కావాలని వదిలిన ఖాళీలు ఉంటాయి, అవి ముందు వెనకల వైపో పక్కలకో ఉండాలని లెక్క ఉంటుంది. 90 డిగ్రీలు తిప్పి దించితే బ్రేకు వేసినప్పుడు బండి ముక్కు అటూ ఇటూ పోతుంది.

బాల్ జాయింటులో కూడా ప్లే ఉంటే, అది ఆర్మ్‌తో విడదీయరానిదైతే, మొత్తం ఆర్మ్ తీసుకోవడమే సులువు. మూడు పార్టులూ కొత్తవి, ప్రెస్ ఖర్చు లేదు, పని సమయం సగం.

కొత్త బుష్‌లు వేయించి ఆరు నెలలు కాలేదు, మళ్లీ చిరిగాయి. పార్టు డూప్లికేటా?

కావచ్చు. కానీ ముందుగా అడగాల్సిన ప్రశ్న వేరు: బోల్టులు బిగించేటప్పుడు బండి ఎక్కడుంది?

రబ్బరు బుష్ బేరింగులా తిరిగేది కాదు. మధ్యలో ఇనుప గొట్టం, బయట ఇంకో గొట్టం, రెండింటినీ అంటించి పట్టుకున్న రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం సబ్‌ఫ్రేమ్‌కు కరిచి పట్టుకుంటుంది, ఇక కదలదు. ఆర్మ్ పైకీ కిందికీ ఊగిన ప్రతిసారీ మెలి తిరిగేది రబ్బరే. బండి లిఫ్టు మీద ఉండగా చక్రం కిందికి వేలాడుతుంది. ఆర్మ్ పొడవు 33 సెంటీమీటర్లు, చక్రం మామూలు ఎత్తు కంటే 8 సెంటీమీటర్లు కిందకు దిగి ఉందనుకోండి, ఆర్మ్ సుమారు 14 డిగ్రీలు వాలి ఉన్నట్టు. ఆ వాలులోనే బోల్టు బిగిస్తే, బండిని నేల మీదకు దించిన క్షణం నుంచి రబ్బరు 14 డిగ్రీలు మెలి తిరిగే ఉంటుంది. ఆగి ఉన్నా అంతే, నిద్రపోతున్నా అంతే. గుంతలో పడితే ఆ మెలి ఇంకా పెరుగుతుంది. మంచి కంపెనీ బుష్ అయినా చిరగక ఏం చేస్తుంది?

సరైన పద్ధతి ఇది. పని మొదలుపెట్టకముందు, బండి నేల మీద ఉండగా, హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైని రేకు) అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. పార్టులన్నీ ఎక్కించి బుష్ బోల్టులు చేత్తో బిగేంత మటుకే బిగించండి. తర్వాత లోయర్ ఆర్మ్ కింద, బాల్ జాయింటుకు దగ్గరగా జాకీ పెట్టి, రాసుకున్న కొలత వచ్చేదాకా ఎత్తండి. అప్పుడు టార్క్ రెంచితో బిగించాలి. బండిని షెడ్డులో కింద నిలబడి పనిచేసే గొయ్యి మీదకు తెచ్చి నాలుగు చక్రాలూ నేలనుండగా కింది నుంచి బిగిస్తే ఇంకా మేలు. వెనక బీమ్ బుష్‌లకూ ఇదే నియమం. బాల్ జాయింటు నట్టుకూ, స్ట్రట్‌ను నకిల్‌కు (హబ్‌ను మోసే ఇనుప దిమ్మ) కలిపే బోల్టులకూ ఈ గొడవ లేదు, వాటిని వేలాడుతుండగానే బిగించుకోవచ్చు.

పని చేయించుకునేటప్పుడు మెకానిక్‌ను వేరే ఏమీ అడక్కపోయినా ఈ ఒక్క మాట అడగండి. చాలా షెడ్లలో ఇంపాక్ట్ గన్నుతో లిఫ్టు మీదే టకటకా బిగించేస్తారు, త్వరగా అయిపోతుంది కాబట్టి.

స్ట్రట్లు మారుస్తున్నప్పుడు వాటితో పాటు ఏమేం కొనాలి?

రెండు స్ట్రట్లకు రెండు మౌంట్లు, రెండు బేరింగులు, రెండు బంప్ స్టాపులు, రెండు డస్ట్ బూట్లు, రాడ్ మీది కొత్త నట్లు 2. స్ట్రట్‌ను నకిల్‌కు కలిపే బోల్టులు ఒక్కో వైపు 2 చొప్పున 4, వాటి నట్లు 4. సెల్ఫ్ లాకింగ్ నట్లు ఒకసారి విప్పితే పట్టు తగ్గుతుంది, పాతవే వాడితే బిగింపు నమ్మలేం.

మౌంటూ బేరింగూ మిగతా దానితో పోలిస్తే చిన్న ఖర్చు. ఇప్పుడు వాటిని వదిలేసి ఏడాదికి మళ్లీ స్ట్రట్ విప్పాల్సి వస్తే, లేబరు, అలైన్‌మెంటు రెండోసారి కట్టాలి. బంప్ స్టాపు, డస్ట్ బూటు మార్చకపోతే ఇంకా నష్టం. చిరిగిన బూటులోంచి దుమ్ము రాడ్ మీద పడి కొత్త సీలును కోసేస్తుంది.

స్ట్రట్ పని ఇంట్లో చేయొచ్చా?

స్ట్రట్‌ను బండి నుంచి దించడం, ఎక్కించడం వరకు ఓపిక, పనిముట్లు ఉన్నవాళ్లు చేయొచ్చు. స్ప్రింగు విప్పే పనికి మాత్రం షెడ్డుకు పట్టుకెళ్లండి. ఇలాంటి చిన్న కారులో ముందు ఒక్కో చక్రం మీద సుమారు 300 కిలోల బరువు ఉంటుంది, దాన్ని మోసేది ఆ స్ప్రింగే. కంప్రెసర్‌తో ఇంకా నొక్కాక అందులో దాగి ఉండే బలం అంతకంటే ఎక్కువ. రెండు కొక్కేల చవక కంప్రెసర్ ఒక పక్కకు జారితే ఎదురుగా ఉన్న మనిషి ముఖం మీదికే వస్తుంది. స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి పట్టకుండా, దాన్ని ఆపి ఉంచే రాడ్ నట్టును ఒక్క చుట్టు కూడా వదులు చేయకండి.

దించేటప్పుడు వరస ఇలా ఉంటే తలనొప్పులు తక్కువ. చక్రం తీయండి. బ్రేకు గొట్టాన్నీ, ఏబీఎస్ సెన్సర్ తీగనూ స్ట్రట్ బ్రాకెట్ నుంచి విడిపించండి. లింక్ రాడ్ విప్పండి. నట్టుతో పాటు మధ్య కడ్డీ కూడా తిరుగుతుంటే దాని కొసలో ఉన్న రంధ్రంలో అలెన్ కీ పెట్టి పట్టుకోవాలి. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ బళ్లలో ఇది తుప్పుతో కరిచిపోయి ఉంటుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి, అయినా రాకపోతే గ్రైండరుతో కోసేయడమే. ఎలాగూ కొత్తది వేస్తున్నారు.

నకిల్ బోల్టులు విప్పకముందు స్ట్రట్ అంచు నకిల్ మీద ఎక్కడుందో స్క్రైబరుతో గీత గీయండి. ఆ రంధ్రాల్లో ఉండే కొద్దిపాటి సందే చాలా బళ్లలో కాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువు వాలు) మార్చేస్తుంది. బోల్టులు తీశాక నకిల్‌ను బయటికి పడనివ్వకండి, తీగతో కట్టి ఉంచండి. అది బయటికి లాగితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు విడిపోతుంది, ఒక్కోసారి గేరు ఆయిల్ కూడా కారిపోతుంది. చివరగా టవర్ మీది నట్లు, కింద ఒక చేత్తో స్ట్రట్ పట్టుకుని.

ఎక్కించేటప్పుడు నాలుగు సంగతులు తప్పుతుంటాయి. ఎడమ, కుడి స్ట్రట్లు వేరు, బ్రాకెట్లు చూసి సరిపోల్చుకోండి. కొత్త షాకరును నిలబెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కండి, పెట్టెలో పడుకోబెట్టి ఉన్నందువల్ల లోపల చేరిన గాలి పోతుంది, లేకపోతే మొదటి కొన్ని కిలోమీటర్లు ‘టుక్ టుక్’ అంటుంది. స్ప్రింగు కింది కొస సీటులో ఉన్న మెట్టుకు ఆని ఉండాలి. రాడ్ నట్టు బిగించేటప్పుడు మెరిసే రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకుంటే గీత పడుతుంది, ఆ గీత సీలును కోస్తుంది. రాడ్ కొసకు అలెన్ కీ పెట్టి, నట్టును మామూలు రెంచితో బిగించాలి.

కుడి షాకరు ఒక్కటే కారుతోంది. ఒక్కటి మార్చొచ్చా?

షాకర్లు, స్ప్రింగులు ముందుకైనా వెనక్కైనా జతగానే. ఒక పక్క కొత్తది గట్టిగా, ఇంకో పక్క లక్ష కి.మీ. తిరిగినది వదులుగా ఉంటే గట్టి బ్రేకులో, మలుపులో బండి రెండు రకాలుగా నడుస్తుంది. లింక్ రాడ్, టై రాడ్ ఎండ్ లాంటివి ఒక్కటి మార్చినా ప్రమాదం లేదు. రెండోది కూడా అంతే తిరిగింది కాబట్టి దాని వంతు ఎంతో దూరంలో ఉండదు, అంతే.

కింద తగులుతోంది. స్ప్రింగు మధ్య రబ్బరు బఫర్లు పెట్టించమంటున్నారు.

వద్దు. బఫరు స్ప్రింగు చుట్లలో రెండింటిని కట్టేస్తుంది. పనిచేసే చుట్లు తగ్గి స్ప్రింగు గట్టిపడుతుంది, ఆ మిగిలిన చుట్ల మీద భారం పెరుగుతుంది. బఫరు ఆనే చోట నీళ్లు, మట్టి నిలిచి పెయింటు పోయి తుప్పు మొదలవుతుంది. పైగా పాత షాకరు గట్టిపడిన స్ప్రింగును అదుపు చేయలేదు, బండి ఎగిరి ఎగిరి పడుతుంది.

ముందు కొలవండి. హబ్ నుంచి ఫెండర్ దాకా ఎడమ, కుడి కొలతల్లో 10, 15 మి.మీ. తేడా ఉన్నా, వెనక భాగం ఖాళీ బండిలోనే కుంగి కనిపించినా స్ప్రింగులు అలిసిపోయాయి. అసలు పార్ట్ నంబరు స్ప్రింగుల జత వేస్తే కంపెనీ ఎత్తు తిరిగొస్తుంది. సీఎన్‌జీ సిలిండరు పెట్టిన బళ్లలో వెనక స్ప్రింగులు ముందుగా కుంగుతాయి. కింది చుట్టు విరిగిపోయి ముక్క సీటులోనే ఉండిపోవడం కూడా మామూలే, చెయ్యి పెట్టి చుట్టూ తడిమితే దొరుకుతుంది.

పాత షాకర్లలో ఆయిల్ మార్చి రీకండిషన్ చేస్తామంటున్నారు, సగం ధరకే.

రంధ్రం పెట్టి, ఆయిల్ పోసి, వెల్డింగు పెట్టి, నల్ల పెయింటు వేస్తారు. పోయిన గ్యాస్ ఒత్తిడి తిరిగి రాదు. అరిగిన వాల్వు అలాగే ఉంటుంది. దళసరి ఆయిల్ పోస్తారు కాబట్టి వారం రోజులు గట్టిగా, బాగున్నట్టే అనిపిస్తుంది.

కిర్రుకిర్రు అంటోంది. బుష్‌ల మీద డీజిల్ కొడితే తగ్గుతుందట.

తగ్గుతుంది, పది రోజులు. డీజిల్, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు సహజ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. తర్వాత బుష్ చేతితో పీకితే వచ్చేలా తయారవుతుంది. స్టెబిలైజర్ బార్ రబ్బర్ల దగ్గరే చప్పుడని తేలితే బ్రాకెట్ విప్పి, మట్టి తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. రబ్బరు రంధ్రం బార్ కంటే వదులైతే కొత్తవి వేయండి, పెద్ద డబ్బు కాదు.

పాలీయూరిథేన్ బుష్‌లు ఎక్కువ కాలం వస్తాయి, నిజమే. కానీ గతుకులన్నీ సీటులోకి తెస్తాయి. రోజూ ఇంట్లోవాళ్లను తిప్పే బండికి అసలు రబ్బరే మేలు.

వెనక పక్క ఏం పాడవుతుంది?

పార్టులు తక్కువ, అందుకే ఎవరూ చూడరు. షాకరు పైనా కిందా ఉండే బుష్‌లు, స్ప్రింగు పైనా కిందా ఉండే రబ్బరు సీట్లు, బీమ్ ముందు రెండు బుష్‌లు. వంతెన జాయింట్ల మీద వెనక భాగం అరచేతి వెడల్పు పక్కకు జరిగి వచ్చినట్టుంటే బీమ్ బుష్‌లు చూడండి. వాటిని మార్చడానికి బీమ్‌ను సగం దించాలి, బ్రేకు గొట్టాలు, హ్యాండ్ బ్రేకు కేబుళ్లు లాగబడకుండా చూసుకోవాలి, లాగే పనిముట్టు ఉండాలి. అది లేని షెడ్డులో ఈ పని పెట్టుకోకండి. డిక్కీలో ‘డబడబ’ అంటే మాత్రం ముందు స్టెప్నీ నట్టు, జాకీ చూడండి. నవ్వొచ్చినా, చాలాసార్లు అదే.

అలైన్‌మెంట్ తప్పనిసరా?

స్ట్రట్, లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్, ఈ మూడింటిలో ఏది విప్పినా తప్పనిసరి. లింక్ రాడ్‌కు, వెనక షాకరుకు అక్కర్లేదు.

ఎంత తేడా ఎంత నష్టమో లెక్క చూడండి. 14 అంగుళాల రిమ్ము అంటే సుమారు 356 మి.మీ. రిమ్ము ముందు అంచుకూ వెనక అంచుకూ మధ్య 1 మి.మీ. వంకర ఉంటే, ఆ టైరు కిలోమీటరుకు దాదాపు 2.8 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుంటూ పోయినట్టు. హైదరాబాదు నుంచి విజయవాడ, 270 కిలోమీటర్లనుకుంటే, రోడ్డు మీద 750 మీటర్లు అడ్డంగా గీకినట్టే. టైరు అంచు మామూలు కంటే ముందే అరిగిపోతుంది.

టై రాడ్ ఎండ్ విప్పకముందు లాక్ నట్టు దగ్గర పెయింటుతో గుర్తు పెట్టి, ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టుకోండి. కొత్తది అన్నే చుట్లు ఎక్కిస్తే అలైన్‌మెంట్ షాపు దాకా బండి నేరుగా పోతుంది. స్ప్రింగులు కొత్తవైతే 500 కి.మీ. తర్వాత ఇంకోసారి చూపించండి, కొత్త స్ప్రింగు, రబ్బరు సీట్లు కొద్దిగా దిగుతాయి. ప్లే ఉన్న జాయింటుతో అలైన్‌మెంట్ చేయించడం మాత్రం డబ్బు దండగ. మెషీన్ మీద అంకెలు పచ్చగా కనిపిస్తాయి, గేటు దాటగానే మారిపోతాయి.

స్పేర్లు ఎక్కడ కొనాలి? అసలువో కాదో ఎలా తెలుస్తుంది?

చాసిస్ నంబరుతో పార్ట్ నంబరు తీయించుకోవడం మొదటి పని. ఒకే పేరున్న బండిలో తరం మారితే ఆర్మ్, స్ట్రట్ మారిపోతాయి. కంపెనీ డీలరు కౌంటరులో గానీ, సికింద్రాబాదు రాణిగంజ్ లాంటి స్పేర్ల బజారులో బిల్లు ఇచ్చే షాపులో గానీ కొనండి. షాకర్లకు గాబ్రియేల్, స్టీరింగ్ జాయింట్లకు రానే లాంటి పేర్లు మెకానిక్‌లందరికీ తెలిసినవే, వాటి పెట్టెలో వచ్చే నకిలీలూ అంతే మామూలు. జాయింటు చేతిలోకి తీసుకుని కడ్డీని తిప్పి చూడండి. కొత్తది బిగుతుగా, నున్నగా, ఒకే బరువుతో తిరగాలి. గలగలమన్నా, మధ్యలో పట్టినట్టున్నా తిరిగిచ్చేయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి బండి విడిభాగాల మీద 18 శాతం జీఎస్టీయే. బిల్లులో 28 వేస్తే అడగండి.

పనంతా అయ్యాక కొత్త చప్పుడు మొదలైంది.

మొదట వీల్ నట్లు. తర్వాత టవర్ నట్లు, లింక్ రాడ్ నట్లు, స్టెబిలైజర్ బ్రాకెట్ బోల్టులు, ఈ వరసలో బిగింపు చూడండి. తేలకపోతే రెండు వైపులా లింక్ రాడ్లు విప్పి, తీగతో పక్కకు కట్టి, ఖాళీ రోడ్డు మీద 20 వేగంలో కొంతదూరం పోయి రండి. మలుపులో బండి ఎక్కువ వాలుతుంది, జాగ్రత్త. చప్పుడు పోతే అది లింక్ రాడ్‌లోనో, బార్ రబ్బర్లలోనో ఉంది. ఉంటే వాటిని వదిలేసి స్ట్రట్ పై భాగం చూడండి: స్ప్రింగు కొస మెట్టులో కూర్చోకపోవడం, బేరింగు తలకిందులుగా పెట్టడం, రాడ్ నట్టు పూర్తిగా బిగియకపోవడం, ఈ మూడే ఎక్కువ.

తీసిన పాత పార్టులు అడిగి తీసుకోవాలా?

తప్పకుండా. మార్చారో లేదో తెలియడానికే కాదు, అవి బండి సంగతి చెబుతాయి. లింక్ రాడ్ బాల్ బూటు చిరిగి లోపల ఎర్రటి తుప్పు నీళ్లుంటే నీళ్లలో ఎక్కువ తిరిగిన బండి, టై రాడ్ బూట్లు కూడా చూడాలి. లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు చుట్టూ సమానంగా పగిలితే వయసు. ఒకే దిక్కుకు ఏటవాలుగా, గుడ్డ పిండినట్టు చిరిగితే, కిందటిసారి ఎవరో చక్రం గాలిలో వేలాడుతుండగా బోల్టు బిగించారు.